ఆరు గంటల కాఫీ

"లెక్క సరిపోయింది" అన్నాడు రైమో, మాత్రల డబ్బాను బల్ల మీద నా వైపు తోస్తూ. "రోజుకొకటి చొప్పున అయిపోయాయి. మరి ఇవన్నీ ఎక్కడికెళ్తున్నాయి సినిక్కా? కడుపులోకా, సింకులోకా?"

అంటే నేను నిద్రపోతుండగా ఈ మనిషి నా డబ్బా తెరిచి, మాత్రలు బల్ల మీద పోసి, ఒక్కొక్కటీ లెక్కపెట్టాడన్నమాట. మా వార్కౌస్ ఊరి కాగితం మిల్లులో ముప్పై ఏళ్ళు తనిఖీ పని చేశాడు. రిటైరై రెండేళ్ళయినా ఆ బుద్ధి పోలేదు.

"నోట్లోకి" అన్నాను. "నా నోట్లోకే. నాలుక చాపి చూపించనా?"

"అక్కా, బావ నీ మంచికే కదా అడుగుతున్నాడు" అంది మెర్వి.

మంచికేనట! మెర్వి నా సొంత చెల్లెలు. స్వీడన్‌లో మొగుణ్ణి వదిలేసి ఆగస్టు ఆఖర్న రెండు పెట్టెలతో మా గుమ్మంలో దిగింది. రెండు వారాలుంటానంది. ఇప్పుడు నవంబరు సగమైంది. ఏకై వచ్చి మేకై కూర్చుంది.

ఇంతకీ ఈ పంచాయితీ అంతా నిన్న మధ్యాహ్నం వచ్చిన ఫోన్ వల్ల. ఆరోగ్య కేంద్రం నించి నర్సు. నేను బన్నులకి పిండి కలుపుతున్నాను, చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టాను. బుద్ధి తక్కువై పెట్టాను. రక్తపరీక్షలో థైరాయిడ్ అంకె పదకొండుకి ఎక్కిందట. ఆ అంకె పెరిగిందంటే మెడలోని గ్రంథి మళ్ళీ పడకేసిందన్నమాట. వసంతంలో మూడుకి దిగి, నర్సు చేత శభాష్ అనిపించుకున్నదాన్ని.

"మాత్ర వేసుకునే పద్ధతిలో ఏమైనా మార్పు వచ్చిందా?" అని అడిగింది నర్సు.

"ఏమీ లేదు" అన్నాను. నా వెనక రైమో, మెర్వి ఇద్దరూ నిలబడి వింటున్నారు. ఇంకేమంటాను?

"పోనీ ఇనుము మాత్రతో కలిపి వేసుకుంటున్నావా?" మెర్వి మొదలుపెట్టింది ఇప్పుడు. "రెండిటికీ మధ్య నాలుగు గంటలుండాలి."

"ఇనుము మధ్యాహ్నం."

"కాల్షియం?"

"అదీ మధ్యాహ్నమే."

"సెలీనియం చూసుకోమన్నాను కదా. బ్రెజిల్ గింజలు రోజుకి రెండు చాలు, గుప్పెళ్ళు తినకు. ఆ సముద్రపు నాచు మాత్రల జోలికి మాత్రం పోవద్దు. అయోడిన్ ఎక్కువైతే మన జబ్బుకి ఉన్నదీ పోతుంది. సోయా పాలు కూడా..."

"మెర్వీ, నువ్వు వ్యాయామం టీచరువా, డాక్టరువా?"

"పన్నెండేళ్ళ నించి ఇదే జబ్బుతో ఉన్నదాన్ని" అంది, నవ్వుతూ.

ఆ నవ్వే నేను చూడలేను. అమ్మ మా ఇద్దరికీ సమానంగా పంచి వెళ్ళిన ఆస్తి ఈ జబ్బొక్కటే. మాత్ర ఒకటే, దాని మోతాదు నాకంటే ఎక్కువ కూడా. అయినా దాన్ని చూడండి. నలభై తొమ్మిదేళ్ళు, నడుము ఇంతే. పొద్దున్నే చెరువు గట్టున ఐదు కిలోమీటర్లు నడిచొచ్చి, బుగ్గలు ఎర్రగా చేసుకుని రై రొట్టె నాలుగు ముక్కలు తింటుంది. నేను వంట చేసే స్కూలు వంటగదిలో ఒక్క మెట్టు ఎక్కితే నాకు ఆయాసం. దువ్వెన నిండా నా జుట్టే. ఇంట్లో అందరూ చొక్కాలతో తిరుగుతుంటే నాకు ఉన్ని మేజోళ్ళు రెండు జతలు కావాలి.

అసూయా అంటే అసూయే. కాదని ఎందుకనాలి?

"రేపటి నించి నా ఎదురుగా వేసుకో" అన్నాడు రైమో.

"నీ ఎదురుగానా?" అన్నాను. "పొద్దున్న ఆరింటికి నీ ఎదురుగా ఎవరు కూర్చుంటారో నాకు తెలీదా? అక్కడ నాకు చోటేదీ?"

రైమో డబ్బా మూత పెట్టాడు. మెర్వి లేచి కప్పులు తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది. కడిగిన కప్పునే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

"ఏం వాగుతున్నావు నువ్వు?" అన్నాడు రైమో.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. నేనేమన్నానని?"

ఆయన కోటు తగిలించుకుని కట్టెల కొట్టంలోకి వెళ్ళిపోయాడు. మా మధ్య పోట్లాటలన్నీ ఇలాగే ముగుస్తాయి. ఈ ముప్పై మూడేళ్ళలో మా ఇంట్లో కట్టెలకి ఎన్నడూ కరువు రాలేదు.

నిజం మీకొక్కరికే చెప్తాను. మాత్ర సింకులోకి పోవడం లేదు, నా కడుపులోకే పోతోంది. అయితే దాని వెనకే కాఫీ కూడా పోతోంది.

పెళ్ళయిన కొత్తలో రైమోకి పొద్దుటి షిఫ్టు. ఆరింటికల్లా కాఫీ కాచి, నా మంచం దగ్గరికి తెచ్చి, అంచు మీద కూర్చుని తాను కూడా తాగి వెళ్ళేవాడు. షిఫ్టులు మారాయి, పిల్లవాడు పుట్టాడు, పెరిగి ఓలూ పట్నంలో స్థిరపడ్డాడు, మోకాళ్ళ నొప్పులొచ్చాయి. ఆరు గంటల కాఫీ మాత్రం మారలేదు. గురక భరించలేక వేరే గదిలో పడుకోవడం మొదలెట్టాక కూడా రెండు కప్పులు పట్టుకుని నా గదికే వచ్చేవాడు.

పోయిన శీతాకాలం ఈ మాత్ర వచ్చింది. పరగడుపున నీళ్ళతో మింగాలి, ఆ తరవాత గంటసేపు కాఫీ వద్దు, పాలు వద్దు, ఏదీ వద్దంది నర్సు. "నేనూ ఆగుతాలే" అన్నాడు రైమో. నాలుగు రోజులు ఆగాడు పాపం. ఫిన్లండ్ మగాణ్ణి పొద్దున్నే కాఫీ లేకుండా గంటసేపు కూర్చోబెట్టడమంటే మాటలా? ఐదో రోజు ఆరింటికి వంటింట్లోంచి వాసన వచ్చింది. నేను మంచం మీద గడియారం చూస్తూ ఏడు దాకా పడుకున్నాను. ఫర్వాలేదు, ఒక్కడే కదా తాగుతున్నాడు అనుకున్నాను. జాలి కూడా వేసింది.

మెర్వి వచ్చాక ఆ వాసనతో పాటు రెండో కుర్చీ జరిగిన చప్పుడు కూడా వినపడటం మొదలైంది.

మూడో వారానికి నా వల్ల కాలేదు. "నేనిక నించి ఐదింటికే అలారం పెట్టుకుని మాత్ర వేసేసుకుంటాను, ఆరింటికి మీతో కాఫీ తాగుతాను" అని ప్రకటించాను. శుద్ధ అబద్ధం. స్కూలు వంటగదిలో మూడొందల మందికి వండి వచ్చినదానికి ఐదింటికి మెలకువెక్కడ వస్తుంది? ఆరుకి ఐదు నిమిషాలుందనగా లేస్తాను. మాత్ర గొంతులో వేసుకుంటాను. మరు నిమిషంలో వాళ్ళిద్దరి మధ్య ఉంటాను, చేతిలో కప్పుతో.

పైగా నాకొక ధైర్యం. మెర్విది అదే మాత్ర. అదీ పొద్దున్నే కాఫీ తాగుతోంది. దాని బుగ్గలు చూడండి ఎలా ఉన్నాయో. దానికి పట్టిన మందు నాకు పట్టకపోతుందా అనుకున్నాను.

శనివారం సాయంత్రం రైమో ఎప్పటిలాగే చెరువు ఒడ్డున ఆవిరి స్నానానికి సౌనా పొయ్యి రాజేశాడు. గురువారం నాటి ఆ గొడవ నించి మా ఇద్దరి మధ్య "ఉప్పు ఇలా ఇవ్వు" తప్ప మాటల్లేవు. అయినా శనివారం సౌనా మానడమంటూ మా వైపు ఉండదు. విడాకులు తీసుకునేవాళ్ళు కూడా సోమవారం దాకా ఆగుతారు.

మునుపు మేమిద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. మెర్వి వచ్చాక ఆడవాళ్ళం ముందు, ఆయన తరవాత. అందులోనూ నా వాటా పోయింది.

పై బల్ల మీద మెర్వి, కింద బల్ల మీద నేను. కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఆవిరి బుస్సుమని లేచింది. వారం మొత్తంలో నా ఎముకలకి వెచ్చదనం తగిలేది ఇక్కడే. అందుకే కళ్ళు మూసుకున్నాను. ఒక కారణం అది. రెండోది, తలెత్తితే దాని కాళ్ళు కనపడతాయి. ఇద్దరు పిల్లల్ని కన్నదాని కాళ్ళేనా అవి!

"వెనక్కి తిరుగు, వీపు రుద్దుతాను" అంది మెర్వి, దిగి వచ్చి.

"అక్కర్లేదు."

"తిరగవే అక్కా. నీకు చెయ్యి అందదు."

తిరిగాను. సబ్బు పీచుతో మెల్లగా రుద్దింది. చిన్నప్పుడు దాని వీపు నేను రుద్దేదాన్ని. ఎనిమిదేళ్ళు చిన్నది, అమ్మ ఒంట్లో బాగుండక మంచం మీదే ఉండేది. అప్పట్లో ఆ నీరసానికి పేరేంటో ఎవరికీ తెలియదు, బద్ధకమనేవారు. దాన్ని పెంచింది ఒక రకంగా నేనే.

"చర్మం ఎంత ఎండిపోయిందే అక్కా" అంది. "నాకు భయమేస్తోంది. మోతాదు పెంచితే పెంచుతారు గానీ, ముందు నువ్వా ఐదింటి అలారం మానెయ్యి. నిద్ర చాలకపోతే ఏ మందూ పనిచెయ్యదు."

"మరి కాఫీ?"

"కాఫీకేం? నాలాగే రాత్రికి మార్చుకో."

"రాత్రికా? దేన్ని?"

"మాత్రని." పీచు ఆగింది. "నేను పడుకునేముందు వేసుకుంటాను కదా. సాయంత్రం ఆరింటికి తినేస్తే రాత్రి పదింటికి కడుపు ఖాళీ. మాత్ర వేసుకుని పడుకుంటాను, పొద్దున్న లేచి హాయిగా కాఫీ తాగుతాను. మా డాక్టరే చెప్పింది. నువ్వూ నర్సుని అడిగి చూడు."

నా చేతిలో రాళ్ళ మీద నీళ్ళు పోసే రాగి గరిటె ఉంది. దాన్ని బకెట్లో పెట్టాను.

"ఈ మాట నాకెప్పుడు చెప్పావు మెర్వీ?"

"వచ్చిన వారంలోనే. అంటే బావకి చెప్పాను, నీతో చెప్పమని. నువ్వు వద్దన్నావటగా?"

"నేనా?"

"అవును. 'దానికి నర్సు చెప్పింది తప్ప ఇంకోటి పట్టదు, వద్దు అంది' అన్నాడు. నేను కూడా సరే పోనీ అనుకున్నాను. అక్కా? ఎక్కడికి? ఒంటి మీద సబ్బుంది!"

ఉంటే ఉంది. తువ్వాలు చుట్టుకుని బయటి వసారాలోకి వచ్చాను. నవంబరు గాలి, చెరువు అంచున గాజు పెంకులా మంచు కట్టింది. నా ఒంట్లోంచి పొగలు పోతున్నాయి. నాకు మాత్రం చలి తెలియలేదు, ఏడాదిగా మొదటిసారి.

రైమో చేతినిండా కట్టెలతో ఎదురొచ్చాడు.

"ఏంటిలా వచ్చావు? జలుబు చేస్తుంది, లోపలికి నడు" అన్నాడు.

"రాత్రి మాత్ర సంగతి నాకు చెప్పమని మెర్వి నీతో చెప్పిందా?"

కట్టెలు గోడ వారగా ఒక్కొక్కటీ పేర్చడం మొదలుపెట్టాడు. మా సావో ప్రాంతం జనం గురించి దేశమంతా ఒక సామెత చెప్పుకుంటుంది. సావో వాడు నోరు విప్పితే, ఆ తరవాత బాధ్యత విన్నవాడిదేనట. మా ఆయన ఇంకా రెండాకులు ఎక్కువ చదివాడు, అసలు నోరే విప్పడు.

"నిన్నే అడుగుతున్నా."

"చెప్పింది కాబోలు. మర్చిపోయాను."

"మర్చిపోయినవాడు మర్చిపోయాననే అంటాడు. నేను వద్దన్నానని దానికి చెప్పావు. నన్ను అడక్కుండానే నా నోట్లో మాట పెట్టావు. ఎందుకు?"

"చిన్న సంగతికి ఇంత రాద్ధాంతమా?"

"చిన్నదా?" నా అరుపుకి చెరువు అవతల కుక్క మొరిగింది. "అయితే విను. నేను ఐదింటికి లేవడం లేదు. ఒక్కరోజు కూడా లేవలేదు. మాత్ర మింగి, అదే నోటితో వచ్చి మీ ఇద్దరి మధ్య కాఫీ తాగాను, ఇన్నాళ్ళూ. మందంతా కాఫీలో కొట్టుకుపోయింది. ఆ పదకొండు అలా వచ్చింది. లెక్క సరిపోయిందా ఇప్పుడు?"

ఆయన మొహం పాలిపోయింది. కట్టె ఒకటి చేతిలోంచి జారి పడింది.

"పిచ్చిదానా" అన్నాడు. "ఎందుకు చేశావలా?"

"ముందు నువ్వు చెప్పు ఎందుకు చేశావో."

మెట్టు మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను కదల్లేదు. ఇవాళ కట్టెల కొట్టంలోకి పోనివ్వకూడదనుకున్నాను, చలికి చచ్చినా సరే.

"ఏడాదంతా అదేగా సినిక్కా" అన్నాడు చివరికి. "లేస్తే చలి, కూర్చుంటే నీరసం, మాత్ర, అంకె, నర్సు. నీ తప్పని అనను. కానీ ఆ ఒక్క గంట ఇంట్లో జబ్బు మాట ఉండేది కాదు. రాత్రి మాత్ర సంగతి చెప్తే నువ్వు ఆరింటికే లేచి వచ్చేస్తావు. అందుకని చెప్పలేదు."

"మెర్విదీ అదే జబ్బు!"

"తెలుసు" అన్నాడు. "తనని చూస్తే గుర్తుకి రాదు."

కొట్టి ఉంటే బాగుండేది. చేతులెత్తి దండం పెట్టేదాన్ని.

"ఏం మాట్లాడుకునేవాళ్ళు ఆ గంటా?" అని అడిగాను. "చెప్పు. దాని మొగుడి గురించా? నా గురించా? నవ్వుకునేవాళ్ళా?"

"ఏమీ మాట్లాడుకునేవాళ్ళం కాదు." నిజం చెప్పేటప్పుడు ఆయన కనురెప్ప వాల్చడు, అప్పుడూ వాల్చలేదు. "ఊరికే కూర్చునేవాళ్ళం. కిటికీలోంచి చెరువు చూసేవాళ్ళం."

కబుర్లు చెప్పుకుని ఉంటే నేను ఓర్చుకునేదాన్ని. ఎవరితోనైనా కబుర్లు చెప్తాం, బస్సులో పక్కనున్నవాళ్ళతో కూడా. ఈ మనిషి గంటసేపు ఏమీ మాట్లాడకుండా సుఖంగా కూర్చోగలిగింది ఈ ప్రపంచంలో నా ఒక్కదాని పక్కనే అని ముప్పై మూడేళ్ళు గర్వపడ్డాను. అది నాదనుకున్నాను.

వెనక తలుపు కిర్రుమంది. మెర్వి నా ఉన్ని దుప్పటి పట్టుకుని నిలబడింది. ఎంతసేపటి నించి ఉందో తెలియదు. వచ్చి నా భుజాల మీద కప్పబోయింది.

"నాకేం తెలీదు అక్కా" అంది. "బావ అబద్ధం చెప్పాడని నాకెలా తెలుస్తుంది? నువ్వు నిజంగానే వద్దన్నావనుకున్నాను. ఒట్టు."

నమ్మాను. దాని మొహం చూస్తే ఎవరైనా నమ్ముతారు. కోపం దిగిపోయి, దుప్పటి కోసం చెయ్యి కూడా చాపాను. అప్పుడు తట్టింది నాకా ఆలోచన, చెయ్యి గాలిలో ఉండగానే.

"మెర్వీ" అన్నాను. "బ్రెజిల్ గింజల సంగతి నాకెవరు చెప్పారు?"

"నేనే."

"ఇనుము మాత్ర సంగతి?"

"నేనే కదా అక్కా."

"నాచు మాత్రలు, సోయా పాలు, సెలీనియం, అన్నీ నువ్వే చెప్పావు. వద్దు మొర్రో అన్నా వెంటపడి మరీ చెప్పావు. వంటింట్లో చెప్పావు, కారులో చెప్పావు, నేను పళ్ళు తోముకుంటుంటే తలుపు అవతల నించి కూడా చెప్పావు. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు నేరుగా చెప్పకుండా ఆయన చేత ఎందుకు చెప్పించాలనుకున్నావు?"

దుప్పటి దాని చేతుల్లోనే ఉండిపోయింది.

"చెప్పవే" అన్నాను. "ఆ గంట నీకూ కావలసొచ్చిందా?"

మెర్వి నా వైపు చూడలేదు. మెట్టు మీద కూర్చున్న రైమో వైపు చూసింది.